సలోమి మాట్లాడని టేపు

ఒంగోలులో పంతులమ్మగా పిల్లలకు బుద్ధులు చెప్పీ చెప్పీ రాటుదేలిన సలోమి, 1983లో అమెరికాలోని పిస్కాటవేలో స్కూల్ కౌన్సెలర్ ట్రైనింగ్‌లో చేరింది. పిల్లలతో మాట్లాడిందంతా వాళ్ల అనుమతితో టేపు చేసి సూపర్‌వైజర్‌కు వినిపించాలి. మొదటి టేపు నిండా సలోమి సలహాలే.

"ఇందులో పిల్ల గొంతేది?" అంది సూపర్‌వైజర్. సలోమికి తల కొట్టేసినట్టయింది.

మరుసటి వారం ఓ అమ్మాయి వచ్చి, పెదవి విప్పకుండా కూర్చుంది. నాలుక చివరిదాకా వచ్చిన సలహాను సలోమి మింగేసి, ఓపిగ్గా ఎదురుచూసింది. చివరికి ఆ పిల్లే మొదలుపెట్టి, మనసులో ఉన్నదంతా చెప్పుకుంది. ఆ టేపు విని సూపర్‌వైజర్ లేచొచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, భర్త దేవదానం ఆశ్చర్యపోయాడు.

"అంత మెచ్చుకుందా! ఏం అడ్వైజ్ ఇచ్చావేంటి?"

సలోమి గర్వంగా తలెత్తింది.

"అసలు నోరే విప్పలేదండీ!"