తులసి వాసన

పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు తప్పిపోతే, రోడ్డు పక్కనున్న చిన్న పిజ్జా హోటల్లో కూర్చున్నాను. ఇటలీలోని నేపుల్స్ తరహా అని బోర్డు, లోపల కట్టెల పొయ్యి. వేరే చోటు లేక ఒకాయన నా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఒంటి మీద మందుల ఫ్యాక్టరీ యూనిఫాం. పిజ్జా రాగానే పైనున్న బేసిల్ ఆకును తులసి అనుకున్నాడేమో, కళ్లకద్దుకుని పక్కన పెట్టుకున్నాడు.

అంతలో ఏ ఫ్యాక్టరీ వాళ్లో గ్యాసు వదిలారు. కుళ్లిన కోడిగుడ్ల కంపు. హోటల్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేనూ చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా తింటున్నాడు.

"మీకు కంపు రావట్లేదా?" అన్నాను.

"నాకు ఏ వాసనా రాదక్కా. మందులు జేసే రియాక్టర్ల కాడ పనిజేసి పనిజేసి ముక్కు సచ్చిపోయింది."

పక్కన పెట్టిన ఆకును నా వైపు పట్టాడు. "జెర సూసి చెప్పక్కా. తులసి వాసనొస్తున్నదా?"

చున్నీ తీసి గట్టిగా పీల్చాను.

"గ్యాసు కంపే వస్తోంది. ఇంకేమీ తెలియట్లేదు."

"మరి నీకూ నాకూ ఫరక్ ఏమున్నదక్కా," అని ఆకును నోట్లో వేసుకున్నాడు.