చైనా పద్ధతిలో జొన్నచేను కాపలా

రెండెకరాల జొన్నచేనును అరగంటలో ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. మిడతలు, వడగళ్లు అవసరం లేదు. ఒక డిగ్రీ, సగం చదివిన ఒక పేజీ చాలు.

తొంభైల చివరి మాట. అచ్చంపేట దగ్గర మా ఊళ్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. అంటే ఉద్యోగం లేదని మర్యాదగా చెప్పడం. ఆర్థికశాస్త్రం పేపర్లో చైనా గురించి తప్పకుండా అడుగుతారని ఎవరో అన్నారు. మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టారని తెలిసి బస్సెక్కాను. చైనా ఆర్థిక వ్యవస్థ గురించి మొదటి పాఠాలు చెప్పే పేజీ ఒకటి దొరికింది. మోకాళ్ల నొప్పులతో మా అవ్వ మెట్లు దిగినట్టు అది ఒక్కో వరుసే దిగింది. పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని అక్కడి ప్రభుత్వం ఒకప్పుడు తేల్చిందట. ఊరూరా జనం పళ్లాలు, డబ్బాలు మోగించి వాటిని ఎక్కడా వాలనివ్వలేదట. అవి ఎగిరెగిరి అలసి రాలిపోయాయట. అక్కడికి వచ్చేసరికి కరెంటు పోయింది.

మిగతా సగంలో ఏముందో మీకు ఇప్పుడే చెబుతాను, మీరైనా నాలా కాకూడదు. పిచ్చుకలు పోయాక పురుగులు పెరిగి పంటను తిన్నాయి. ఇంకా పెద్ద తప్పులు తోడై దేశానికి కరువొచ్చింది. లెక్కలేనంత మంది చనిపోయారు. ఈ సంగతి నాకు మూడు వారాల తర్వాత తెలిసింది.

నేను ఇల్లు చేరేసరికి జొన్న పాలకంకి మీద ఉంది. ఆ ఏడు వరి వేయలేదు. ఆ రెండెకరాలే మా ఇంటికి ఏడాది రొట్టె. బాపు మంచె ఎక్కి, ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తోలుతున్నాడు. గట్టు పక్క రెండు సాళ్లను మాత్రం వదిలేస్తున్నాడు.

"గా సాళ్లు ఎందుకు ఇడిసిపెట్టినవు బాపూ?"

"అవి పిట్టలయి."

"పిట్టలకు పట్టా చేసిచ్చినవా?"

"గీడ తింటే నడుమకు రావు. నీకెందుకురా, పోయి చదువుకో."

"చదువుకొనే వచ్చిన" అని చైనా సంగతంతా చెప్పాను.

బాపు ఒడిసెల దించాడు. "చీన జర దూరం గదరా. ఆడి పిట్టలకు మన పిట్టలకు చుట్టరికమేంది?"

చెబితే వినే రకాన్నైతే ఈ కథే ఉండేది కాదు. మర్నాడు తెల్లవారగానే వాడకట్టు మొత్తాన్ని స్టీలు పళ్లాలతో, నూనె డబ్బాలతో చేను దగ్గరికి తెచ్చాను. పక్క చేను ఖాజా మామది. పంట కోసి ఖాళీగా ఉంది. రాత్రంతా గొర్రెల మంద పడుకుంటే నేలకు ఎరువు కదా, అందుకని మామ, కాపరి బక్కయ్య చేత మందను అందులో పెట్టించాడు. పిట్టలను పక్క చేలో కూడా వాలనివ్వకూడదని నేను రెండు చేలనూ కలిపి చుట్టూ మనుషులను నిలబెట్టాను.

"సారూ, మంద బెదురుతది" అన్నాడు బక్కయ్య.

"అభివృద్ధి కావాల్నంటే జర ఓపిక పట్టాలె బక్కన్నా."

చెయ్యెత్తాను. మోత మొదలైంది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. నా ఛాతీ చైనా అంత వెడల్పయింది. వెంటనే మంద కూడా లేచింది. చుట్టూ చప్పుడే. దాక్కోవడానికి నడుమ ఉన్నది మా జొన్న ఒక్కటే. గొర్రెలన్నీ అందులోకి దూరాయి. నేను మాత్రం ఆకాశంలోకి చూస్తున్నాను. కిందికి చూడడం నా సిలబస్‌లో లేదు.

బాపు మంచె మీద నిలబడి రెండు చేతులూ ఊపాడు. ఏదో అరిచాడు కూడా. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"ఇంకా గట్టిగ కొట్టుండ్రి!"

కొట్టారు. ఎంత గట్టిగా కొడితే గొర్రెలు అంత లోపలికి పోయాయి. బాపు తలగుడ్డ విప్పి ఊపాడు.

"బాపు ఖుషీగున్నడు! గట్టిగ!"

చివరికి బక్కయ్య పరుగెత్తుకొచ్చి నా చేతిలో పళ్లెం గుంజుకున్నాడు. అప్పటికి చేను, జాతర అయిపోయిన జాగాలా ఉంది. నడమంత్రపు సిరి నరం మీద పుండు అంటారు. నడమంత్రపు చదువు చేను మీద మంద. చప్పుడు ఆగగానే పిట్టలు తిరిగొచ్చి, కంకి మీద వేలాడే శ్రమ కూడా లేకుండా నేల మీదే తినడం మొదలుపెట్టాయి.

ఖాజా మామ వచ్చి తల పట్టుకున్నాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"గిదేం ఇన్సాఫ్ అన్నా!" అన్నాడు బాపుతో. "మంద నేను పెట్టిస్తి, ఎరువు నీ చేన్ల పడె!"

ఆ ఏడాది మా ఇంట్లో జొన్నరొట్టె లేదు. రేషన్ బియ్యమే తిన్నాం. కంచాల ముందు కూర్చున్న ప్రతిసారీ బాపు అమ్మతో, "ముందుగాల చీన సారుకు పెట్టు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ బియ్యం ఇంకొంచెం సులువుగా దిగేది.

మిగతా సగం పేజీ చదివి వచ్చిన రోజున బాపుకు అంతా చెప్పాను. కరువు గురించీ, చనిపోయినవాళ్ల గురించీ. ఆయన ముట్టించబోయిన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు.

"గంత పెద్ద దేశంల, ఆపుండ్రి అన్నోడు ఒక్కడు లేకుండెనారా?"

"ఉండే ఉంటరు బాపూ."

"మరి?"

"చప్పుడుల ఇనవడి ఉండదు."

బాపు ఇప్పుడు లేడు. కాబట్టి ఆయన రెండు సాళ్లు రాసిచ్చిన పిట్టల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ దేశం ఎంత గొప్ప ఉపాయం చెప్పినా సరే, పళ్లెం అన్నం తినడానికే వాడతాను.