ఫొటోకు పనికిరాని తోడు పెళ్లికూతురు

పటాన్‌చెరు నుంచి కంపెనీ బస్సులో ఇంటికి వస్తూ ఫోన్ తెరిస్తే, మా చెల్లెలి పెళ్లి గ్రూపులోంచి నన్ను తీసేసినట్టు కనిపించింది. పొరపాటున ఎవరి వేలో తగిలి ఉంటుందనుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేశాను. కట్ చేసింది. మళ్లీ చేశాను. ఈసారి ఎత్తలేదు గానీ, కాసేపటికి మెసేజ్ పెట్టింది: "అమ్మ ఆదివారం మీ ఇంటికొస్తది అక్కా, మాట్లాడతది."

చెల్లెలంటే మా చిన్నమ్మ కూతురు. నాకన్నా కొన్ని నెలలే చిన్నది. వాళ్లది బొంతపల్లి, మాది ఇంద్రేశం. ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, ఒకరి బట్టలు ఒకరం వేసుకునేవాళ్లం. పెళ్లి కుదిరిన రోజు అందరికన్నా ముందు నాకే చెప్పింది. ఆ గ్రూపు పెట్టిందీ తనే. పెళ్లికూతురు మండపానికి వచ్చేటప్పుడు పూల చాదర్ తన తల మీద పందిరిలా పట్టుకుని, ఒకే రంగు లంగావోణీల్లో వెంట నడిచే అమ్మాయిలందరం అందులో ఉన్నాం, చిన్నమ్మ కోడలు, మా వదిన కూడా ఉంది. ఇదివరకు తోడు పెళ్లికూతురంటే ఒక్కతే ఉండేది, పెళ్లికూతురి పక్కన కూర్చునేది. ఇప్పుడు ఒక గుంపు ఉండాలి, దానికి బ్రైడ్స్‌మెయిడ్స్ అని పేరుండాలి. మేము చిలకపచ్చ రంగు అనుకున్నాం. నా లంగావోణీ అప్పటికే టైలర్ దగ్గర కుట్టించుకొచ్చి బీరువాలో పెట్టాను.

ఎందుకు తీసేశారో బస్సు దిగేలోపే అర్థమైంది. నాకు బొల్లి ఉంది. ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఇంత సూటిగా అనరు. "మచ్చలు" అంటారు. మా నాయనమ్మ బతికి ఉన్నప్పుడు "అది" అనేది. డిగ్రీ చదివేటప్పుడు పెదవి పక్కన చిన్న చుక్కలా మొదలైంది. తర్వాత కనురెప్పల మీదికి, మెడకు, రెండు చేతులకూ పాకింది. సంగారెడ్డిలో డాక్టర్ ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, ఒంటికి వేరే హాని ఏమీ లేదని అమ్మకు విడమరిచి చెప్పాడు. అమ్మ తలూపింది. ఇంటికొచ్చి ఎవరో చెప్పిన గింజలు నూరి నా ముఖానికి పూసి ఎండలో కూర్చోబెట్టింది. బొబ్బలొచ్చాయి. చేపలు తినొద్దంది, చింతపండు తినొద్దంది, పెళ్లిళ్లకు రావొద్దంది. ఇంటికి ఎవరైనా వస్తే, అమ్మ చెప్పకముందే నేనే లోపలి గదిలోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

మాత్రలు తయారుచేసే కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం వచ్చాక ఇవన్నీ వదిలేశాను. చేరిన కొత్తలో నా పక్కన పనిచేసే ఒడిశా అమ్మాయి తన డబ్బాలో చేపల కూర తెచ్చుకుంది. "ఖావోగీ?" అంది. కడుపు నిండా తిన్నాను. మచ్చలు పెరగాలనుకుంటే పెరుగుతాయి, ఆగాలనుకుంటే ఆగుతాయి. నేను మాత్రం వాటి కోసం ఆగేది లేదనుకున్నాను.

ఆదివారం చిన్నమ్మ వచ్చింది. ఒక పట్టుచీర నా ఒళ్లో పెట్టింది. నిజంగానే మంచి చీర.

"పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకో బిడ్డా, నీకు మంచిగుంటది" అంది.

"నన్నెందుకు తీసేసిన్రు చిన్నమ్మా?" అని అడిగాను.

ఆమె మా అమ్మ వైపు చూసింది. అమ్మ చాయ్ గిన్నె వైపు చూసింది.

"ఏమనుకోకు బిడ్డా. ఫొటోగ్రాఫర్ అన్నడు, ముంగట నడిచే పిల్లలు అందరు ఒక్క తీరుగుండాలెనంట. గదీగాక పిల్లగాని దిక్కువాళ్లు కొత్తోళ్లు. ఇది మన ఇంట్ల ఉన్నదనుకుంటే రేపు నా బిడ్డకు మాటలొస్తయి. నువ్వు భోజనాల కాడ సూసుకో. ఇంటిమనిషి లేకుంటే అక్కడ ఆగమైతది."

"మన ఇంట్ల ఉన్నది గద చిన్నమ్మా. నేను మన ఇంటిదాన్ని గానా?"

"గట్ల మాట్లాడకు. నీ మంచికే చెప్తున్న. అందరు నిన్నే సూస్తే నీకే బాధ."

"నాకేం బాధ లేదు. పెండ్లికొస్త. భోజనాల కాడికి మాత్రం తినేతందుకే పోత."

చీర తిరిగి ఆమె సంచిలో పెట్టాను. చిన్నమ్మ చాయ్ సగం తాగి లేచింది. ఆమె వెళ్లాక అమ్మ, "పోనీ తియ్యే, ఒక్క రోజుకు ఏమైతది" అంది. ఇన్నేళ్లూ ప్రతిసారీ ఆ ఒక్క రోజే అంటూ నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టావని గట్టిగా అన్నాను. అమ్మ గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

మెహందీ రోజున బొంతపల్లి వెళ్లాను. ఎవరో చెప్పిన మాట కాదు, చెల్లెలి నోటి మాట వినాలనుకున్నాను. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా మెహందీ, పాదాలకు కూడా. కదలడానికి లేదు. మెహందీ పెట్టిన అమ్మాయి చాయ్ తాగడానికి బయటికి వెళ్లగానే తలుపు దగ్గరగా వేశాను.

"నా ముఖం నీకు అడ్డమొచ్చిందా?" అని అడిగాను.

"నాకు గాదే. వాళ్లే..."

"వాళ్లంటే ఎవరే? పిల్లగాడు అన్నడా?"

"లేదు."

"వాళ్లమ్మ అన్నదా?"

"వాళ్లకు అసలు తెల్వదు."

"ఫొటోగ్రాఫర్ పేరు పెట్టి అన్నడా, నన్ను తీసెయ్యమని?"

తల దించుకుంది. "మా వదిన ఆయనకు మన ఫొటోలు సూపిచ్చి, ఎవరెవరు నడుస్తరో చెప్పింది. ఆయన అందరు ఒక్క తీరుగుంటే బాగుంటదన్నడు. అమ్మ, వదిన కలిసి నీ పేరు తీసిన్రు. నేను వద్దనలే."

"వద్దనలేకపోయినవా, అనబుద్ధి గాలేదా?"

ఏడవడం మొదలుపెట్టింది. ముక్కు కారుతోంది, రెండు చేతులకూ మెహందీ. నాకు కోపం ఏమీ తగ్గలేదు. అయినా నా చున్నీతో దాని ముక్కు తుడిచాను. "నేను పెండ్లికొస్తున్న. చిలకపచ్చదే ఏసుకుంటున్న. ముంగటనే కూసుంట. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, నీ నోటితోని" అన్నాను.

"రా" అంది. అంతే అంది.

పెళ్లి రోజు లంగావోణీ వేసుకున్నాను. చేతులు పొట్టివే. ముఖానికి పౌడర్ కూడా రాయలేదు. కళ్లకు కాటుక, జడలో మల్లెలు. అమ్మ వచ్చి వోణీకి పిన్ను పెట్టింది. ఏదో అంటుందని ఎదురుచూశాను. పిన్ను సరిచేసి, "జల్దీ రా, ఆటో వచ్చింది" అని మాత్రం అంది.

ఫంక్షన్ హాల్లో నడిచే దారి పక్కన మొదటి వరుసలో కూర్చున్నాను. అమ్మ నా పక్కన కూర్చుంది. వదిన మేకప్ డబ్బా పట్టుకుని వచ్చింది. "జెర పూస్త, రెండు నిమిషాల్ల అయిపోతది" అంది. "నాకద్దు వదినా, నువ్వు పూసుకో" అన్నాను. తర్వాత ఫొటోగ్రాఫర్ వచ్చాడు. అందరిలాంటి బట్టలే వేసుకుని వరుసలో లేకుండా కూర్చున్న నన్ను చూసి అతనికి ఏమీ అర్థం కాలేదు. "మేడమ్, ఫ్రేమ్‌లకు వస్తున్రు, జెర ఎనకకు కూసుంటరా?" అన్నాడు.

"ఫ్రేమ్‌లకు వద్దామనే కూసున్న" అన్నాను.

డప్పులు మొదలయ్యాయి. పూల చాదర్ కింద చెల్లెలు నడిచి వచ్చింది. చుట్టూ చిలకపచ్చ అమ్మాయిలు. మా దగ్గరికి రాగానే నా వైపు చూసింది, చూపు తిప్పుకోలేదు. నవ్విందని చెప్పను, నవ్వలేదు.

నా వెనక వరుసలో కూర్చున్న పెళ్లికొడుకు తరఫు పెద్దామె నా భుజం తట్టింది. "ముఖానికేమైంది బిడ్డా? కాలిందా?"

"కాలలే అత్తా. బొల్లి. ఎవ్వరికీ అంటదు, నొప్పి ఉండదు."

"ఎవలింటి పిల్లవు?"

"పెండ్లికూతురికి అక్కనైత. వాళ్లమ్మ, మా అమ్మ సొంత అక్కచెల్లెండ్లు."

అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. చిన్నమ్మ ఇన్నాళ్లూ భయపడిన మాట నేను నలుగురూ వినేలా చెప్పేశాను. పెద్దామె, "గట్లనా" అంది. తర్వాత, "పప్పన్నం ఇంక పెట్టలేదా, షుగర్ గోలీ ఏసుకున్న" అని పక్కావిడను అడిగింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

తలంబ్రాలప్పుడు లేచి మండపం మీదికి వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. తోడబుట్టినవాళ్లు ఎక్కే చోటే కదా, పిలవడమెందుకు? చెల్లెలి వెనక కూర్చుని దాని భుజం మీద చేయి వేశాను. వదిన కళ్లు పెద్దవి చేసింది. చెల్లెలు మోకాలు కొంచెం జరిపి నాకు చోటిచ్చింది. తలంబ్రాలు పోస్తుంటే సగం బియ్యం నా తల మీదే పడ్డాయి.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కొన్ని వారాలకు ఆల్బమ్ వచ్చింది. చిన్నమ్మ స్వయంగా తీసుకొచ్చి నా ముందు తెరిచింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "సూడు, నువ్వెంత మంచిగొచ్చినవో!"

తలంబ్రాల ఫొటో. చెల్లెలి వెనక నా లంగావోణీలో, నా మల్లెపూలతో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ముఖమంతా ఒకే చామనఛాయ. చేతులు కూడా. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. నా వేళ్ల మీది తెలుపు మొత్తం తుడిచేశారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఎవరి పెళ్లిలోనో చూసినట్టుంది.

వరుసలోంచి తీసేసినప్పుడు కూడా ఇంత మండలేదు. అక్కడ నన్ను వద్దన్నారు. ఇక్కడ నన్ను ఉంచి, నా ముఖం తీసేశారు.

చిన్నమ్మ ముందే ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాను.

"నా ఫొటో మార్చినవా అన్నా?"

"అవ్ మేడమ్, మంచిగనే చేసిన గదా. అందరు అడిగి చేయించుకుంటరు."

"నేను అడిగిన్నా?"

"లేదు మేడమ్."

"మరి నా తోలు మీద నీకేం పని? అసలుది ఉన్నదా?"

"ఉన్నది మేడమ్, పంపుత. మీకు కోపమొస్తదనుకోలే" అన్నాడు. మాటలో వెటకారం లేదు. ఆ సాయంత్రమే పంపాడు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. కనురెప్పలు తెల్లగా, పెదవి పక్కన తెల్లగా, జడలో బియ్యపు గింజలు. చెల్లెలి భుజం మీద నా చేయి నా చేయిలాగే ఉంది.

సంగారెడ్డికి వెళ్లి దాన్ని పెద్దగా ప్రింట్ చేయించి, ఫ్రేమ్ కట్టించి, మా ముందరి గదిలో గోడకు తగిలించాను. అత్తగారింటి నుంచి వచ్చినప్పుడు చెల్లెలు దాని ముందు చాలాసేపు నిలబడింది. "నాకు గూడ పంపే" అంది. పంపాను. ఆల్బమ్‌లో పెట్టుకుందో, ఫోన్‌లోనే ఉంచుకుందో నేను అడగలేదు. మేము మాట్లాడుకుంటాం. ఇదివరకటిలా ప్రతి సంగతీ చెప్పుకోం.

చిన్నమ్మ ఇప్పటికీ వస్తుంటుంది. ఆ గోడ వైపు చూడకుండా కూర్చోవాలని చూస్తుంది. అమ్మ మాత్రం ప్రతిసారీ ఫొటోకు ఎదురుగా ఉన్న కుర్చీనే జరిపి, "ఇక్కడ కూసో, ఫ్యాన్ గాలి మంచిగొస్తది" అంటుంది.