కంటి బలానికి కార్జం

కోరుట్లలో ఆదివారం మటన్ దుకాణం ముందు నుంచి పోతుంటే, బొగ్గుల మీద కాలే కార్జం వాసన గుప్పున తగిలి, మల్యాలలోని మా వాకిలి, దసరా పొద్దు, మక్కకంకుల పొగ, మోదుగాకుల మీద వాటాదార్లకు వరసగా పెట్టిన మేకకూర పోగులు అన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి.

మా పోగు ఇంటికి రాగానే, నాన్నను కన్న తల్లి బాపమ్మ, కార్జం ముక్కను పుల్లకు గుచ్చి, నిప్పులకు అలా చూపించి, నెత్తుటి చెమ్మ ఆరకముందే ఉప్పద్ది నా నోట్లో పెట్టేది. బాగా కాలిస్తే బలం పోతుందని, పచ్చిగా ఉంటేనే కళ్లకు చేరుతుందని ఆమె నమ్మకం. ఆ ముక్క మహిమతో కొండగట్టు మీది కోతి మీసాలు మా గడప నుంచే లెక్కపెట్టానని నేను తోటి పిల్లలకు కోతలు కోసేదాన్ని.

ఒక ఏడు చలికాలంలో అష్టాచెమ్మా ఆడుతుంటే గవ్వల మీద మసక మచ్చ నిలిచింది. కుడికన్ను మూసి చూస్తే అమ్మకు చెవులున్నాయి, కొప్పుంది, మొహం లేదు. చెబితే ఇదీ కోతేననుకున్నారు. ఒక్క బాపమ్మే నమ్మింది. నమ్మి, వారం వారం కార్జం తెప్పించి మరింత పచ్చిగా పెట్టింది. మచ్చ పెరిగింది.

ఓ పొద్దున అమ్మ నా కుడికన్నును అరచేత్తో కప్పింది.

“సూడే, నేను నవ్వుతున్ననా, ఏడుస్తున్ననా?”

“నవ్వుతున్నవ్” అన్నాను. నా చేతి మీద వెచ్చటి చుక్క పడింది.

ఆ పూటే ముగ్గురం జగిత్యాల బస్సెక్కాం. డాక్టరు కంట్లో చుక్కలేసి, చీకటి గదిలో లైటు పెట్టి చాలాసేపు చూశాడు. నెత్తురు పరీక్ష కాగితం వచ్చాక అడిగాడు: “పిల్లకు ఏం పెడుతున్నరు?”

“కార్జం సారూ, నిప్పులకు గట్ల సూపెట్టి” అంది బాపమ్మ గర్వంగా.

“గట్ల సూపెడితే ఎట్లమ్మా? కంటికి కానరాని పురుగుంటది అండ్ల. మంచిగ ఉడికితెనే సస్తది. గా పురుగే నెత్తుట్ల వడి కంటి ఎన్కకు వొయ్యి పుండు వెట్టింది.”

“సూపు వస్తదా సారూ?” అని అడిగింది అమ్మ.

“మందులకు వాపు దిగుతది. ఎంత సూపు మిగులుతదో ఇప్పుడే చెప్పలేను.”

తిరుగు బస్సులో బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. రోజూ పొద్దున్నే అమ్మ నా కుడికన్ను మూసి తన మొహం చూపిస్తుంటే, బాపమ్మ గుమ్మం దాటి గదిలోకి వచ్చేది కాదు. మెల్లగా నోటి కింద గదుమ కనిపించింది, తర్వాత నుదురు. నడుమ మచ్చ మాత్రం పోలేదు.

ఇప్పుడు మోదుగాకులు లేవు, పోగులు లేవు. కూర నల్ల కవర్లలో వస్తోంది. నా ఎడమకన్ను కాస్త పక్కకు చూస్తుంది. ఏమైందని ఎవరైనా అడిగితే కొండెంగ కోతి గీరిందని, పటాకి పేలిందని, పూటకో కథ చెప్పేదాన్ని. బాపమ్మ వింటుండగా అడిగితే మరీ పెద్ద కథ అల్లేదాన్ని. ఇప్పుడు వినడానికి బాపమ్మ లేదు, ఆ అవసరమూ లేదు.