శామియానా గుంజకు వాలిన తేనెటీగలు

బొగ్గుబాయి కార్మికులుండే సెంటినరీ కాలనీలో, మా క్వార్టర్ల లైనులో ఎవరికి దగ్గు పట్టినా పూలమ్మ ఇంటికే పరుగెత్తుతారు. ఆమె క్వార్టర్ వెనక జామచెట్టు కింద తేనెటీగల పెట్టె ఉంది. దాని పక్కనే ఇంకో పెట్టె, ఖాళీది. వేప పూత మొదలయ్యాక ఈగలు పెరిగిపోయి, తల్లి ఈగను వెంటబెట్టుకుని ఒక గుంపు బయటికొస్తుంది. దాన్ని పట్టి ఆ ఖాళీ పెట్టె నింపాలని పూలమ్మ పట్టుదల. కానీ ఏటా పట్టడం, ఏటా అవి లేచిపోవడం. ఈసారి కూడా పోతే ఈ పనే మానేస్తానని మొగుడు గట్టయ్య మీద ఒట్టేసింది.

ఈసారి గుంపు లేచిన రోజే మా లైను పోశం రిటైరై బాయి పనిలోంచి దిగిపోయే రోజు. మా దగ్గర దిగిపోవడమంటే చిన్న సంగతి కాదు. మొదటి షిఫ్టు వదలగానే మనిషిని దండలతో జీపెక్కించి, డప్పులతో, పటాకులతో ఇంటికి తెస్తారు. లైనులో శామియానా వేశారు, పొయ్యిల మీద గుండిగలు ఎక్కాయి. సరిగ్గా శామియానా గుంజకే వచ్చి వేలాడింది గుంపు, పనసకాయంత.

పోశం బావమరిది రఘుపతి కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిలు పోశాడు.

"జరుగక్కా, జల్ది కాలవెడ్త. బావ వచ్చే యాళ్లకు గివి ఉండొద్దు."

"ముట్టుకున్నవంటే నీ చెయ్యి ఇరుగుతది! మొన్న నా తేనె నాకి దగ్గు తగ్గిందన్న నోరు గిదే గాదా?"

"పటాకులు పేలితే ఊకుంటయా గవి? అందరి మూతులు ఉబ్బుతయి."

"పేలకముందే దింపుత. నువ్వు కర్ర కింద వెట్టు."

పూలమ్మ బల్ల ఎక్కింది. గుంపు మీద నీళ్లు చిలకరించి, కింద ఖాళీ పెట్టె పట్టుకుని గుంజను గట్టిగా ఊపింది. గుంపు దభేలున పెట్టెలో పడింది. అందరూ కేకేశారు. ఆ కేక ఆగకముందే ఈగలన్నీ బుస్సున బయటికొచ్చి మళ్లీ గుంజకే పట్టాయి.

పూలమ్మ పెట్టెలో ముఖం పెట్టి వాసన చూసింది.

"దీన్ని ఎవరు కడిగిన్రు?"

గట్టయ్య నెమ్మదిగా ముందుకొచ్చాడు. "కొత్తగ వచ్చేటియి గదానే. కంపు ఉండొద్దని ఫినాయిలేసి కడిగిన."

"పోయినేడు?"

"పోయినేడు గూడ."

"ముందటేడు?"

"క్వార్టర్ల దిగెటప్పుడు మనం కడుక్కోలేదా ఏంది?"

లైనంతా ఒక్కటే నవ్వు. పూలమ్మ మాత్రం నవ్వలేదు. మూల మీద డప్పులు వినిపిస్తున్నాయి. చుట్టూ చూసింది. వంట దగ్గర అన్నం ఆరబోసే వెదురు గంప ఖాళీగా కనిపించింది. గబుక్కున లాక్కుంది.

"ఓ పూలమ్మక్కా, బువ్వ దేంట్లె పోయాలె?" పోశం భార్య యమున మొత్తుకుంది.

"చీర పరిచి పొయ్యి! గట్టయ్యా, ఉరుకు, డప్పులు ఆపు!"

గట్టయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. పూలమ్మ కొంగున ముడేసుకున్న పాత తేనెపట్టు మైనం ముద్దతో, ఈగలకు తమ ఇంటి వాసన తగిలేలా గంప లోపలంతా రుద్ది, మళ్లీ బల్లెక్కి గుంజను ఊపింది. గుంపు గంపలో పడగానే బల్ల దిగి, గంపను దాని మీద బోర్లించి, అంచు కింద రాయి పెట్టి సందు వదిలింది.

జీపు ఆగింది. పోశం దండలతోనే దిగొచ్చాడు.

"ఏందిరా, గిట్ల సప్పుడు లేకుంట నిలవడ్డరు?"

"చుట్టాలొచ్చిన్రు బావా," అన్నాడు రఘుపతి. కర్ర ఎప్పుడో పారేశాడు.

గంప అంచున కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడించసాగాయి. తల్లి ఈగ లోపలికి వెళ్లిందని గుర్తు అది. గాలిలో తిరుగుతున్నవి ఒక్కొక్కటే దిగి, వరస కట్టి లోపలికి నడిచాయి. పూలమ్మ వంగి సందులోకి చూసింది.

"ఉన్నయి! ఈసారి ఉన్నయి!"

"ఇన్నేండ్లు బాయిల సప్పుడు విన్న. జరసేపు ఆగుతె నాకేం పోతది?" అన్నాడు పోశం. "ఉరకకు చెల్లె, పైలంగ తీస్కపో."

పూలమ్మ గంపను తడిగుడ్డతో కట్టి, నెత్తిన పెట్టుకుని ఊరేగింపు మధ్యలోంచి నడిచింది. డప్పుల వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. గంపను జామచెట్టు నీడలో దించి, చేతులు దులుపుకుని తిరిగొచ్చింది.

"ఇగ కొట్టుండ్రి!"

ఆ రోజు డప్పుకు మొదటి అడుగు వేసింది పోశం కాదు, పూలమ్మ.