జంట కచేరీల టీచరుగారు

మా వీణ టీచరుగారు కన్నుమూసి వారమైంది. కబురు తెచ్చిన పక్కింటి పిన్నిగారు, "తెనాలి సభవాళ్లు సంతాపసభ పెడుతున్నారటమ్మా, ఘనంగా" అంది. ఏడుపు కంటే ముందు నాకు రోత పుట్టింది.

ఆవిడది వీణ, ఆవిడ భర్త మాస్టారిది వయొలిన్. అరవైల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో ఇద్దరూ జంటగా కచేరీలు చేసేవారు. శిష్యురాలిగా తంబురా పట్టుకుని నేనూ వెళ్లేదాన్ని. రైల్లో కిటికీ పక్క చోటు వీణకిచ్చి మాస్టారు నిలబడేవారు. వాయిస్తున్నంతసేపూ టీచరుగారి చూపు ఆయన కుడి మోచేతి మీదే. "మొహం చూస్తే ఏమీ తెలీదే, మోచెయ్యి అబద్ధమాడదు" అనేవారు.

రేపల్లెలో ఒక మిల్లు యజమాని ఇంట పెళ్లి. వీళ్లు కల్యాణి అందుకోగానే అక్కడ విస్తళ్లు వేశారు. జనం వీపులు తిప్పి పులుసు జుర్రుకుంటున్నారు. పెళ్లిపెద్ద ఎంగిలి చేత్తోనే వీణ కుండ మీద తట్టి, "రాగాలు చాల్లెండి మాస్టారూ, సినిమా పాటేదైనా కొట్టండి" అన్నాడు. టీచరుగారు ఆ మరక పైటచెంగుతో తుడిచి, వీణకి గుడ్డ తొడుగు తొడిగేశారు. మాస్టారూ వయొలిన్ కమాను దించారు. తిరుగు రైల్లో, "మనం ఊరగాయలమండి, నంజుకోడానికి పిలిచారు" అని ఆవిడంటే ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

డెబ్బైల్లో మాస్టారు గుండెపోటుతో పోయారు. ఆ ఏడు తెనాలి సభ ఉత్సవాల్లో ఒక్కతినే వాయిస్తానని ఆవిడ కబురు పెడితే, సభ కార్యదర్శి ఇంటికొచ్చాడు.

"ఏమనుకోకండమ్మా. శుభమా అని మొదలెడుతూ బొట్టులేని మనిషిని ముందు కూర్చోబెడితే జనం ఒప్పుకోరండి."

"మొగుడు పోయింది నాకండి, వీణకి కాదు" అన్నారు టీచరుగారు, నెమ్మదిగానే. కాఫీ ఇచ్చి మరీ పంపారు.

తర్వాత ఏ ఊరివాళ్లూ పిలవలేదు. ఇంట్లోనే వాయించుకునేవారు. మాస్టారి వంతు వచ్చినచోట ఆగి, అది అయ్యేదాకా తొడ మీద తాళం వేసుకుని, మళ్లీ అందుకునేవారు.

సంతాపసభకి వెళ్లాను. ఆ కార్యదర్శే మైకు ముందు గొంతు వణికించుకుంటూ, "ఆ తల్లి మా వేదికకి మహాలక్ష్మి" అన్నాడు. ముందు వరసవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను లేచాను. ఆవిడకి దండం పెట్టుకుని వచ్చేద్దామని ఫొటో దగ్గరికి నడిచాను. అది ఇద్దరూ వాయిస్తున్నప్పుడు తీసినది. మాస్టారి వైపు కత్తిరించేసి, ఆవిణ్ణి మాత్రం పెద్దది చేయించారు. సరిగ్గా కత్తిరించడం కూడా చేతకాలేదు. భుజం పక్కన, పూలదండ అంచున, ఆయన కమాను కొస మిగిలిపోయింది.