లింబాద్రి – మోకాళ్ళు

మందుబిళ్ళ రేకులోంచి బయటికి వచ్చేటప్పుడు టప్పుమని చిన్న చప్పుడవుతుంది. పొద్దున్నే మా ఆవిడ బీపీ బిళ్ళ తీసుకుంటుంటే రోజూ వింటాను. రోజూ నా చేతిలోని టీగ్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. "ఇంకెన్నేండ్లు ఉలిక్కిపడ్తవయ్యా?" అంటుంది ఆమె. ఏమో. ఉలిక్కిపడి ఉలిక్కిపడి నేను అలసిపోయాను గానీ ఆ చప్పుడు నన్ను వదల్లేదు. దాని వెనకాలే లింబన్న గుర్తొస్తాడు.

లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. ఖతర్‌లో ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజుల్లో, అల్ వుకైర్ అనే ఊరి అవతల మా క్యాంపు. అతను పరంజా కట్టే ముఠాకు పెద్ద, నేను అతని చేతికింద పని. నలభై ఐదు దాటిన మనిషి. గది మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాడు, గొట్టాల మీద మాత్రం పిల్లిలా నడిచేవాడు. కట్టిన ప్రతి పరంజాకూ ఒక ట్యాగ్ వేలాడదీసి, ఎవరు కట్టారో దాని మీద రాయాలి. చాలామంది ఏదో గీత గీసి వదిలేసేవారు, రేపేదైనా జరిగితే తమ మీదికి రాకూడదని. లింబన్న ఆ ఎండలో నిలబడి, మార్కర్ పెన్నుతో తెలుగులో తన పేరంతా రాసేవాడు.

"ఈళ్ళకు తెలుగొస్తదా అన్నా? ఎందుకీ తిప్పలు?" అన్నానొకసారి.

"ఆళ్ళకు రాకుంటేంది, నాకొస్తది గద తమ్మీ. కట్టింది మనం. రేపు ఎవలన్న అడిగితే నేనే అని పలకాలె. యల్లా, ఆ క్లాంపు బిగియ్యి."

ఆ మాట నాకు తెగ నచ్చింది. నచ్చి ఊరుకోక దాన్ని నా పనుల్లో కూడా పెట్టుకున్నాను, అదే నా కొంప ముంచింది.

రెండేళ్ళకు సెలవు దొరికింది. మా క్యాంపులో ఊరికి పోయేవాడు తనొక్కడి కోసమే పోడు. తిరిగొచ్చేటప్పుడు అందరి సామానూ మోసుకురావాలి, కాదంటే మనిషి కిందే లెక్కగట్టరు. ఆ ఏడు మావాళ్ళు సకినాలు అడగలేదు, పచ్చళ్ళూ అడగలేదు. నొప్పుల బిళ్ళలు తెమ్మన్నారు. క్యాంపు క్లినిక్‌లో తలనొప్పికీ నడుం నొప్పికీ ఒకటే తెల్లబిళ్ళ. మా ఊరి ఆరెంపీ ఇచ్చే బిళ్ళ వేసుకుంటే మాత్రం మర్నాడు డ్యూటీకి లేవగలిగేవాళ్ళం. డాక్టరు చీటీ లేకుండా తెస్తే ఆ దేశంలో అది మత్తుమందు కిందికి వస్తుందని మాలో ఒక్కడికీ తెలియదు. పదిమందికి పది పొట్లాలు కట్టించాను. కలిసిపోకూడదని, లింబన్న శిష్యుణ్ణి కదా, ప్రతి పొట్లం మీదా మార్కర్‌తో రాశాను. గంగారాం – నడుము. లింబాద్రి – మోకాళ్ళు. నాకింకా నొప్పులు మొదలవలేదు కాబట్టి నాకోసం ఏమీ తెచ్చుకోలేదు.

దోహాలో దిగగానే బ్యాగు తెరిపించి, ఒక బిళ్ళను టప్పుమని రేకులోంచి తీసి చూశారు. ఆ తర్వాత రోజులెన్ని గడిచాయో లెక్క తప్పింది. చివరికి తెలుగు చదవగలిగిన మనిషిని పిలిపించారు. ఆయన కడప వైపు నుంచి హౌస్ డ్రైవర్‌గా వచ్చి, అరబ్బీ నేర్చి, తర్జుమా పనిలో కుదిరినవాడు.

"వాడుకునేదానికి పెట్టుకున్నావా, అమ్మేదానికి తెచ్చినావా అని అడగతాండారు. ఈ రెండిటి నడుమ నీ బతుకుండాది. వాడకమైతే నెలల్లో బయటపడొచ్చు. అమ్మకమైతే ఏండ్లకేండ్లు."

"అమ్మకానికి కాదు సార్. మా రూమోళ్ళయి. అందరికీ నొప్పులు."

ఆయన పొట్లాల వైపు చూసి నిట్టూర్చాడు. "పది పొట్లాలు, పది పేర్లు. నీ పేరొక్కటీ లేదు. ఇది గిరాకీల పట్టీ కాదంటే ఎవురు నమ్ముతారప్పా? ఆ పదిమందిలో ఒకరన్నా వచ్చి, ఇది నాదే, నేనే తెమ్మన్నానని చెప్పాల. మీ క్యాంపుకు నేను కబురు పంపుతా."

ఎవరొస్తారు? వస్తే వాడూ లోపలికే. నేనైనా వచ్చేవాణ్ణి కాదేమో. అందుకే ఆ తొమ్మిదిమంది మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

లింబన్న వచ్చాడు. మళ్ళీ నన్ను విచారణకు తీసుకెళ్ళినప్పుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాలు చాపుకుని బల్ల మీద కూర్చునున్నాడు. పొట్లం చూపించగానే లేచి నిలబడ్డాడు.

"గిది నాది సార్. నేనే తెమ్మన్న. లింబాద్రి అంటే నేనే. మోకాళ్ళని రాసుంది, సూడుండ్రి." పంట్లాం పైకి లాగి, వాచిన మోకాళ్ళు చూపించాడు. తర్వాత తక్కిన పొట్లాల మీద రాతలు కూడా ఒక్కొక్కటే చదివించి, నొప్పులన్నీ చెప్పించాడు. నడుము, భుజం, మెడ, మడమ. కడపాయన అవన్నీ అరబ్బీలోకి మారుస్తుంటే, అప్పటిదాకా రాసుకుంటున్న అధికారి కలం ఆపి విన్నాడు.

అమ్మకం నేరం ఎత్తేశారు. దగ్గర పెట్టుకున్నందుకు కొన్ని నెలలు జైల్లో ఉంచి, మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టకూడదని ఇంటికి పంపించారు. లింబన్నను నాకంటే ముందే పంపేశారు. అతను పరంజా కట్టిన స్టేడియంలో ఆటలు మొదలైనప్పుడు అతను ఆర్మూరు దగ్గర పసుపు చేనుకు నీళ్ళు కడుతున్నాడు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోయాను.

"లెవ్వురా, నా కాళ్ళు ముట్టుకుంటెనే నొస్తయి," అని నవ్వాడు. తర్వాత తనే అన్నాడు. "నేనేం మొగోణ్ణి గాదు తమ్మీ. మస్తు భయమైంది. టాక్సీల కూసున్నంక రెండుసార్లు ఆపుమన్న. ఒకసారి దిగిన గూడ. మల్ల ఎక్కిన."

లింబన్న పోయిన ఏడు పోయాడు. నేనిప్పుడు మా మండలంలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. దుబాయ్ పోయేవాళ్ళు బ్యాగులు తెచ్చి నా ముందు విప్పుతారు, బిళ్ళలన్నీ ఏరి పక్కన పెడతాను. కొందరు తిట్టుకుంటారు. అక్కడ ఇరుక్కున్నవాళ్ళ ఇంటివాళ్ళు అర్జీలు రాయించుకోవడానికి వస్తారు. అర్జీ కింద సాక్షి అని ఒక గీత ఉంటుంది. చుట్టాలు కూడా ఆ గీత దగ్గర పెన్ను కిందపెట్టి, "మనకెందుకు గని ఆ లొల్లి" అని లేచిపోతారు. నాకు తెలిసిన మనిషైతే అక్కడ నేనే నా పేరు రాస్తాను, ఊరితో సహా. ఇన్నేళ్ళయినా ధైర్యం రాలేదు. రాసే ప్రతిసారీ ముందు పెన్ను కింద పెడతాను. మళ్ళీ తీసుకుంటాను.